త్రాగునీటిలో మందుల శేషము
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ దినమున పరీక్షా ఫలితములను గూర్చి మాటలాడుట నా కలవాటు. ఈ ఏడు ఒక బాలిక అడిగిన ప్రశ్నతో ఆరంభించెదను. ఏడవ తరగతిలో నీటి శుద్ధిని గూర్చి పాఠము చెప్పుచుండగా ఆమె లేచి, "సార్, మిగిలిన మాత్రలను మా అమ్మ మోరీలో పారవేయును. ఆ మందు ఎక్కడికి పోవును? నీళ్లు కాచినచో అదియు చచ్చునా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నాకు మాత్రము వెంటనే సమాధానము తోచలేదు. పిదప చదివి తెలిసికొనిన సంగతులను మీకు విన్నవించుచున్నాను.

నీటిని మరిగించినచో క్రిములు చచ్చును. మందు క్రిమి కాదు. అనేకములైన మందులు నీరు మరిగినను అందులోనే నిలిచియుండును. మనము మ్రింగిన మందంతయు దేహములో ఖర్చు కాదు. అమాక్సిసిలిన్ వంటి మందులో సగమునకు మించిన భాగము మారకయే మూత్రముతో వెలికి వచ్చును. మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రములు మలినమును తొలగించుటకు కట్టబడినవే గాని, మందులను పూర్తిగా తొలగించుటకు కాదు.

మిమ్ము వృథాగా భయపెట్టుట నా ఉద్దేశము కాదు. త్రాగునీటిలో సాధారణముగ కనబడు మందుల పాలు మిక్కిలి స్వల్పమనియు, దానివలన మనుష్యులకు నేరుగా హాని కలుగుట అరుదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో తెలిపినది. ముంబయి నీరు తాన్సా, వైతరణ, భాత్సా మొదలగు దూరపు జలాశయములనుండి గొట్టములలో వచ్చునది. కాని మందులు తయారగు చోట సంగతి వేరు. ఆ చోటు మనకు పరాయిది కాదు.

కామాఠీపురా అను పేరు మన పెద్దలవలన వచ్చినది. నిజాము రాజ్యమునుండి వచ్చి, ఈ నగరమున రాళ్లు మోసి కట్టడములు లేపిన కామాఠీల పేరది. వారు విడిచివచ్చిన తెలంగాణములో, హైదరాబాదునకు చేరువనే పటాన్‌చెరు ఉన్నది. అచ్చట సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. ఒక లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడినది. మాత్ర మ్రింగిన రోగి రక్తములో ఉండు పాలుకంటె ఇది యెక్కువ! ఒక్క దినమున వెలువడిన ఆ మందు దాదాపు 45 కిలోలు. అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు 90,000. 2009లో ప్రకటించిన మరియొక పరిశోధనలో ఆ ప్రాంతపు చెరువులందును, ఆరు గ్రామముల బావులందును మందులు కనబడినవి. ఆ వాగుల నీరు మంజీరలోనికి, మంజీర గోదావరిలోనికి చేరును.

ఇందువలన కలుగు అపాయ మేమి? పిల్లవానికి మొదట తేలిక లెక్క, పిదప కొంచెము కఠినమైన లెక్క ఇచ్చుచు పోయినచో, ఏడాది గడచునప్పటికి వాడు కఠినమైన లెక్కలనైన చేయగలడు. క్రిములకును అంతే. నీటిలోని కొద్దిపాటి మందు బలహీనమైన క్రిములను చంపును. తట్టుకొనినవి మిగిలి పెరుగును. అంతేకాక ఆ శక్తిని ప్రక్కనున్న ఇతర క్రిములకు సైతము అందించును. ఢిల్లీలో 50 నల్లా నీటి నమూనాలను పరీక్షింపగా, బలమైన మందులను సైతము ఓడించు ఎన్‌డీఎం-1 అను జన్యువు రెండింటిలో కనబడినదని 2011లో ప్రకటింపబడినది. మన చాళ్లలో నల్లా కొన్ని గంటలే వచ్చును. నీరు ఆగినపుడు గొట్టములో ఒత్తిడి తగ్గును. చిల్లున్నచోట బయటి మురుగు లోనికి చొరబడును. కావున మోరీకిని బిందెకును నడుమ మనమనుకొనునంత దూరము లేదు.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో సాగిన పరిశోధనలవలన ఆరియోమైసిన్ అను మందు 1948లో లోకమునకు లభించినది. తెలుగువాని శ్రమ కూడిన అట్టి వరము మన అజాగ్రత్తవలన వ్యర్థము కారాదు. రేపు మన పిల్లకు జ్వరము వచ్చినపుడు వైద్యుడు వ్రాసిన మందు పనిచేయవలెను గదా!

ప్రభుత్వము చేయవలసినది కలదు. కర్మాగారముల వ్యర్థజలమున ఆంటిబయాటిక్ మందులకు హద్దులు విధించు ముసాయిదా 2020 జనవరిలో వెలువడినది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నియమములలో ఆ హద్దులు లేవు. ఓటు వేయు పౌరులుగా వానిని మనము కోరవలెను. అంతవరకు మనచేతిలోని పనులు కొన్ని కలవు. వైద్యుని చీటీ లేక ఆంటిబయాటిక్ మాత్రలు కొనకుడు. వైద్యుడు చెప్పినన్ని దినములు వాడుడు. ఇరుగుపొరుగువారి పిల్లలకు మిగిలిన మాత్రలు ఈయకుడు. మిగిలినవానిని, పాత సిరపులను మోరీలోను, పాయిఖానాలోను పోయకుడు. తిరిగి తీసికొందురేమో మందుల దుకాణమున అడుగుడు, లేనిచో వాడిన టీపొడితో కలిపి, సంచిలో మూటకట్టి చెత్తలో వేయుడు. నీటిని కాచుట మాత్రము మానకుడు. క్రిములకు అదియే విరుగుడు.

ఆ బాలికకు మరుసటి వారము సమాధానము చెప్పితిని. ఆమె, "అయితే మా అమ్మతో మీరే చెప్పుడు సార్" అనెను. ఆ తల్లి ఈ సభలో ఉన్నదో లేదో నేనెరుగను. కావున మీ యందరితోను చెప్పితిని. సెలవు.