యెషయా 53లో మాట్లాడుతున్నది ఎవరు?

ఎవరి పేరున ఈ స్మారక సభ జరుగుతున్నదో ఆ అయ్యగారు ప్రవక్తల గ్రంథాలను సువార్తలంత ప్రేమతో చదివినవారు. నాకు ఆయనతో ఉన్న బంధుత్వం అదే. హెబ్రీ లేఖనాలు మెస్సీయను చూపిస్తున్నాయనే విశ్వాసం ఎక్కడ మొదలైందో మీకు తెలుసు: ఎమ్మాయు దారి, మత్తయి సువార్త, మీకా చెప్పిన బేత్లెహేము. అవన్నీ మళ్ళీ వల్లించను. నా పేచీ ఒక్క అధ్యాయం గురించి.

జగిత్యాల నుంచి లక్షెట్టిపేట దాకా శుభ శుక్రవారం నాడు యెషయా 53 వినిపించని చర్చి అరుదు. బాధపడే ఆ సేవకుడు ఇశ్రాయేలు జనమేనన్న యూదుల వ్యాఖ్యానాన్ని, క్రీస్తును తప్పించుకోవడానికి 11వ శతాబ్దంలో యూదు వ్యాఖ్యాత రాషీ కల్పించాడని మన బోధకులు కొందరు చెబుతారు. ఆ మాట నిలవదు. క్రైస్తవాన్ని విమర్శించిన కెల్సస్‌కు జవాబుగా క్రీ.శ. 248 ప్రాంతంలో రాసిన గ్రంథంలో ఓరిగెన్, తనతో వాదించిన యూదు పండితులు ఇదే అర్థం చెప్పారని నమోదు చేశాడు. అంటే రాషీకి ఎనిమిది వందల ఏళ్ళ ముందే, మన సంఘ పితరుడే సాక్షి. పైగా యెషయా 49:3 సేవకుణ్ణి ఇశ్రాయేలు అనే పిలుస్తుంది. అయితే సేవకుడు ఒక వ్యక్తి అనడం క్రైస్తవుల కల్పన అన్న వాదన కూడా చెల్లదు. ప్రవక్తల గ్రంథాలకు యూదుల అరమాయిక అనువాదమైన యోనాతాను తర్గూము ఆ సేవకుణ్ణి మెస్సీయ అనే అంటుంది, బాధలను మాత్రం ఆయన మీద నుంచి తీసి ఇతరుల మీద వేస్తుంది. 49:6లోనేమో సేవకుడే ఇశ్రాయేలును తిరిగి రప్పించాలి. జనమే జనాన్ని ఎలా రప్పిస్తుంది? జనంతో మొదలైన పిలుపు ఒక్కరి మీదికి ఒదుగుతున్నదని నా వాదం. 1892లో బెర్న్‌హార్డ్ దూమ్ సేవకుని గురించిన నాలుగు గీతాలను మిగతా గ్రంథం నుంచి విడదీసి చూపినప్పటి నుంచి ఈ ప్రయాణం పండితుల కంటికీ ఆనడం తగ్గింది.

ఇలా చెబితే ప్రవచనం బలం తగ్గుతుందని ఆక్షేపిస్తారు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియోపీయుడు అడిగింది ఈ ప్రశ్నే: ప్రవక్త ఎవరి గురించి చెబుతున్నాడు? ఫిలిప్పు ఆ ప్రశ్నను గద్దించలేదు, అక్కడి నుంచే యేసును ప్రకటించాడు. వచనాలకూ సంఘటనలకూ జత కుదిర్చే జాబితా ముందే నమ్మినవాణ్ణి సంతోషపెడుతుంది, అంతకు మించి ఏమీ చేయదు. అధ్యాయం అసలు బలం దాన్ని పలికే గొంతులో ఉంది. అతణ్ణి చూసి ముఖం తిప్పుకున్నామని, దేవుడే కొట్టాడనుకున్నామని ఒప్పుకుంటున్నవాళ్ళు అక్కడ మాట్లాడుతున్నారు. ఆ ఒప్పుకోలు వదిలేసి మెస్సీయను మాత్రం తీసుకుంటే, ఆ అధ్యాయం యూదుల మీద నేరారోపణ అయిపోతుంది. చరిత్రలో అయింది కూడా. 1980లలో దళిత దైవశాస్త్రానికి పునాది వేసిన అరవింద్ నిర్మల్ ఈ సేవకుడిలో దళితుల బాధను చూశారు. అది సరైన చూపే. కానీ సేవకుడు ఎవరో తేలినంత మాత్రాన చాలదు, ముఖం తిప్పుకున్నది ఎవరో కూడా తేలాలి. వాడను ఊరి బయట నిలిపినవాళ్ళు, ఆరాధనలో ఒక్కటై సంబంధాల దగ్గర కులం చూసే మన సంఘాలు, అందరూ ఆ గొంతులో చేరాలి.

ఊరి బోధకుల కోసం యెషయా 40 నుంచి 55 దాకా నేను రాస్తున్న వ్యాఖ్యానం ఈ పట్టుదలతోనే సాగుతున్నది. బబులోను చెర, పారసీక రాజు కోరెషును అభిషిక్తుడన్న 45:1 ముందు వస్తాయి. 53కు వచ్చేసరికి ప్రతి వచనం పక్కన మాట్లాడేవారి పేరు రాస్తున్నాను: 52:13లో దేవుడు, 53:1 నుంచి మనం, 53:11లో మళ్ళీ దేవుడు.