జలవిద్యుత్తుకు నమ్మదగిన నీరు

ఒక నదిపై ఆనకట్ట కట్టి విద్యుత్తు తీయుదమను ప్రతిపాదన వెలువడగానే మనము సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదుము. కట్ట ఎత్తు ఎంత? ఎన్ని మెగావాట్లు వచ్చును? ఈ రెంటికంటె ముందు అడుగవలసినది మరియొకటి కలదు. వానలు తప్పిన సంవత్సరమున ఆ నదిలో నీరు ఎంత ఉండును? నేటి ప్రసంగములో ఈ మూడవ ప్రశ్నను విచారింతము.

చిత్తూరు ప్రాంతమువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కాణిపాకములో వరసిద్ధి వినాయకుని ఆలయము బాహుదానది ఒడ్డున ఉన్నది. లిఖితుడను మునికి పోయిన చేతులు ఈ నదిలో స్నానము చేయగనే తిరిగి వచ్చినవనియు, అందుచే దీనికి బాహుద యను పేరు కలిగినదనియు స్థలపురాణము చెప్పుచున్నది. స్వామి వెలసిన బావిలో నీరు ఎన్నడును ఇంకదని భక్తుల విశ్వాసము. నది సంగతి వేరు. ఏడాదిలో చాల నెలలు అది ఇసుక దారియే. ఈశాన్య ఋతుపవన కాలమున వాయుగుండము పట్టినప్పుడు మాత్రము గట్లు ఒరసి పారును. ఆ నాలుగు దినముల ఉరవడి చూచినవారికి, ఇంత నీరు వృథాగా పోవుచున్నదే, దీనితో విద్యుత్తు తీయరాదా యని తోచుట సహజము.

దీనికి సమాధానము లెక్కలోనే ఉన్నది. జలవిద్యుత్తుకు రెండు కావలెను: నీటి పరిమాణము, అది పడు ఎత్తు. నూరు కోట్ల ఘనపు టడుగుల నీటిని ఒక టి.ఎం.సి. అందుము. ఒక టి.ఎం.సి. నీరు నూరడుగుల ఎత్తునుండి పడినచో, యంత్రములలో పోవు నష్టము తీసివేయగా, సుమారు 20 లక్షల యూనిట్ల విద్యుత్తు వచ్చును. ఒక్క మెగావాటు యంత్రము ఏడాది పొడవున నిలువక తిరుగవలెనన్న 87 లక్షల పైచిలుకు యూనిట్లకు సరిపడు నీరు కావలెను. అనగా అదే ఎత్తుపై దాదాపు నాలుగున్నర టి.ఎం.సి. నాలుగు దినములు పారి ఎండిపోవు వాగు ఈ ఆకలి తీర్చజాలదు.

అట్లయిన పెద్ద నదుల మాట ఏమి? అక్కడను సగటు లెక్క మనలను మోసగించును. ఒక నదిలో నాలుగు సంవత్సరములలో వరుసగా 28, 8, 3, 1 టి.ఎం.సి.లు వచ్చినవనుకొందము. సగటు 10. కాని ఆ పదింటిని నమ్ముకొని యంత్రములు పెట్టినవానికి నాలుగేండ్లలో మూడేండ్లు నిరాశయే మిగులును. మూడేండ్లపాటు తప్పక దొరకునది 3 మాత్రమే. అందుచేతనే ఇంజనీర్లు సగటును విడిచి, నమ్మకపు శాతమును చూతురు. అనేక సంవత్సరముల ప్రవాహపు లెక్కలను పెద్దది మొదలు చిన్నదానివరకు పేర్చి, నూటికి ఎన్ని సంవత్సరములలో ఎంత నీటికి లోటుండదో తేల్చుదురు. సేద్యపు పథకములకు మన దేశములో సాధారణముగా 75 శాతము నమ్మకమును తీసికొందురు. జలవిద్యుత్ పథకములలో ఏటా తీయదగు విద్యుత్తును అంచనా కట్టుటకు 90 శాతము నమ్మకముగల సంవత్సరమును తీసికొందురు. పొలము ఒక పంట కోల్పోయినను మరుసటి యేడు కోలుకొనవచ్చును. విద్యుత్తుపై ఆధారపడిన ఆసుపత్రికిగాని కర్మాగారమునకుగాని అట్టి వెసులుబాటు తక్కువ.

ఇక కృష్ణానదిని చూతము. బచావత్ ట్రిబ్యునలు 78 సంవత్సరముల లెక్కలు పరిశీలించి, 1973లో ఇచ్చిన నివేదికలో 75 శాతము నమ్మకముపై కృష్ణలో 2,060 టి.ఎం.సి.ల నీరున్నదని నిర్ణయించినది. తరువాతి ట్రిబ్యునలు 2010లో 47 సంవత్సరముల లెక్కలతో అదే నమ్మకముపై 2,173 అనియు, సగటున 2,578 అనియు చెప్పినది. ఈ రెండంకెల నడుమనున్న నాలుగు వందల టి.ఎం.సి.లు కొన్ని సంవత్సరములలో వచ్చును, కొన్నిట రావు. నేటి వివాదములలో పెక్కింటికి మూలము ఈ వచ్చి రాని నీరే.

శ్రీశైలము కథ ఇందుకు సాక్ష్యము. 1960లో ఆరంభమై, 1963లో ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట మొదట కేవలము జలవిద్యుత్తుకొరకే సంకల్పింపబడినది. 1982లో యంత్రములు తిరుగ నారంభించెను. కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల శక్తిగల యంత్రములున్నవి. కాని కట్ట పూర్తియగులోపలనే నీటికి ఇతర హక్కుదారులు ఏర్పడిరి. మద్రాసు దాహము తీర్చుటకు 15 టి.ఎం.సి.లు ఇచ్చుటకై 1976లో మూడు రాష్ట్రములు అంగీకరించినవి. ఆ నీరు తెలుగుగంగ కాలువద్వారా మన సీమను దాటి తమిళనాడు చేరవలెను. రాయలసీమ సేద్యమునకు పోతిరెడ్డిపాడు నుండి నీరు పోవలెను. జలాశయము నిండుమట్టము 885 అడుగులు. మొదట 308 టి.ఎం.సి.లు పట్టిన ఈ జలాశయములో ఒండ్రు మేటవేసి, నేడు సుమారు 215 మాత్రమే పట్టుచున్నవి.

2009 అక్టోబరులో శ్రీశైలమునకు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. యంత్రములన్నియు ఒక్కసారి తిరిగినను లక్ష క్యూసెక్కులైనను త్రాగజాలవు. తక్కినది గేట్లమీదుగ పోవలసినదే. వరద ఎంత పెద్దదైనను విద్యుత్తుకు ఉపకరించునది కొంతయే. తక్కువ వానల సంవత్సరమునందో, విద్యుత్తుకై నీరు విడిచినచో మట్టము తగ్గి, పోతిరెడ్డిపాడుకు నీరెక్కదు. 2021లో ఈ తగవే రెండు తెలుగు రాష్ట్రముల నడుమ సుప్రీంకోర్టు వరకు పోయినది.

ఈ తగవులో చిత్తూరు రైతుకును భాగమున్నది. హంద్రీ-నీవా పథకము పేరిటనున్న నీవా చిత్తూరు పట్టణమును ఒరసి పారు నదియే. శ్రీశైలపు వెనుక జలములనుండి 40 టి.ఎం.సి.లు ఎత్తి రాయలసీమకు చేర్చవలెనని దాని సంకల్పము. కాని దానికి ఆధారము వరద జలములు. ఆ నీటిని మెట్టమెట్టుగ పంపులతో, మదనపల్లెవంటి రెండువేల అడుగులకు పైబడిన ఎగువభూములకు ఎక్కింపవలెను. శ్రీశైలమువద్ద క్రిందికి పడు నీరు విద్యుత్తు నిచ్చును. మనవైపు ఎక్కు నీరు విద్యుత్తును అడుగును. ఒకే నీటిబొట్టు రెండు దారుల పోజాలదు.

ఇటీవల మరియొక మార్గము కనబడుచున్నది. నదితో ప్రత్యక్ష సంబంధము లేకుండ, కొండపై ఒకటి, దిగువ ఒకటి, రెండు చెరువులు కట్టి, సౌరవిద్యుత్తు మిక్కుటముగ వచ్చు పగటివేళ నీటిని పైకెక్కించి, అవసరమగు వేళ క్రిందికి విడిచి విద్యుత్తు తీయుట. కర్నూలువైపు పిన్నాపురములో ఇట్టి పథకమునకు 2022లో శంకుస్థాపన జరిగినది. ఇందు నీరు ఖర్చగుట తక్కువ. ఒకసారి నింపిన నీరే తిరిగి తిరిగి పనిచేయును. అయినను ఇది క్రొత్త విద్యుత్తును పుట్టించునది కాదు. ఎక్కించుటకు పట్టిన దానికంటె తిరిగి వచ్చునది తక్కువ. మొదటి నింపుడుకు నీరు కావలెను. మన ఎండలకు ఏటేట ఆవిరియగు నీటిని మరల పూరింపవలెను. ఆ కొలదిపాటి నీరైనను ఎవరి వాటానుండి వచ్చునో ముందే తేలవలెను.

కావున మనవైపు ఏ జలవిద్యుత్ ప్రతిపాదన వచ్చినను పౌరులు నాలుగు విషయములు అడిగి తెలిసికొనుట మంచిది. ఎన్ని సంవత్సరముల ప్రవాహపు లెక్కలపై ఈ అంచనా నిలిచినది? పదేండ్లలో తొమ్మిదేండ్లు దొరకు నీరు ఎంత? ఆ నీటిపై ఎగువన, దిగువన ముందే హక్కున్నవారెవరు? కరవు వచ్చినచో త్రాగునీరు, పైరు, విద్యుత్తు అను మూడింటిలో మొదట ఎవరికి ఇత్తురు? ఈ నాలుగింటికి కాగితముపై స్పష్టమైన సమాధానము దొరకిన పిమ్మట మెగావాట్ల మాట ఎత్తవచ్చును. సమాధానము లేనిచోట కట్టిన కట్ట, వానలు కురిసిన సంవత్సరమున చూడముచ్చటగ ఉండును. వానలు లేని సంవత్సరమున దాని అప్పు మాత్రము రైతును, విద్యుత్తు వాడుకొను గృహస్థును విడువదు.