వేగులవాని వేగము

శత్రువు కదలికలను ముందుగా కనిపెట్టి రాజునకు విన్నవించువానిని మన పూర్వులు వేగులవాడనిరి. వానికి రెండు గుణములు కావలెను. కన్ను నిశితముగా ఉండవలెను. పట్టుబడక తిరిగి రావలెను. నేటి నిఘా విమానముల చరిత్ర యంతయు ఈ రెండు గుణములను ఒకచోట చేర్చుటకు జరిగిన ప్రయత్నమే. అందులో మన హైదరాబాదు నగరమునకును కొంత పాలు కలదు గనుక, ఆ విషయమును శ్రోతలకు మనవి చేయదలచితిమి.

1960 మే 1వ తేదీన, ఇరువది కిలోమీటర్లకు పైబడిన ఎత్తున ఎగురుచున్న అమెరికావారి యు-2 విమానము సోవియట్ గగనతలమున కూల్చబడినది. ఎత్తొక్కటే రక్షణ కాజాలదని ఆనాడు తేలిపోయినది. పిమ్మట ఎత్తునకు వేగము తోడైనది. 1964 డిసెంబరు 22న తొలిసారిగా ఎగిరిన ఎస్‌ఆర్-71 ధ్వనికి మూడు రెట్ల వేగమును మించి పోగలిగినది. ఆ వేగమునకు పుట్టు వేడిమికి అల్యూమినియము ఓర్వలేదు గనుక దాని దేహమును అధికభాగము టైటానియముతో నిర్మించిరి. మన వైమానిక దళమును 1981 మొదలు 2006 వరకు బరేలీ స్థావరము నుండి మిగ్-25 నిఘా విమానములను నడపినది.

అంతకు మించి, ధ్వనికి ఐదు రెట్లు దాటిన వేగమును హైపర్‌సోనిక్ వేగమందురు. ముప్పది కిలోమీటర్ల ఎత్తున ఆరు రెట్ల వేగమనగా సెకండుకు రెండు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. ఉప్పలులో బస్సెక్కి, పోచారము మీదుగా వరంగల్లు చేరుటకు మనకు గంటలు పట్టును. ఆ వేగమున పోవు యంత్రము పోచారము మీద ఉన్నదనుకొందము; నిముషము దాటిన కొన్ని సెకండ్లకే అది వరంగల్లు మీద ఉండును.

ఇంతటి వేగమునకు మామూలు జెట్ యంత్రము పనికిరాదు. అందులో చక్రములు తిరిగి గాలిని అదుముచుండును. హైపర్‌సోనిక్ వేగమున గాలి తనంత తానే అదుముకొనును. చక్రములతో పని లేదు. గాలిని ధ్వనిని మించిన వేగముననే లోనికి గైకొని, అందు ఇంధనమును మండించు యంత్రమునకు స్క్రామ్‌జెట్ అని పేరు. రాకెట్టు తనకు కావలసిన ప్రాణవాయువును కూడ మోసికొని పోవును; స్క్రామ్‌జెట్ దానిని దారిలోని గాలినుండియే గ్రహించును. కాని ఆ గాలి లోన నిలుచునది సెకండులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. ఆలోపల మంట పుట్టవలెను, ఆరక నిలువవలెను. గాలిలో దీపము పెట్టి దేవుడా నీ మహిమ యనుట మన సామెత. ఇచ్చట గాలివానలో దీపము పెట్టి, దానిని నిలిపెడి భారమును మనుష్యుడే వహింపవలసి యున్నది.

ఆ దీపము మన దేశమున ఎట్లు నిలిచినదో గమనింపుడు. 2016 ఆగస్టు 28న శ్రీహరికోట నుండి మన అంతరిక్ష పరిశోధన సంస్థ జరిపిన పరీక్షలో స్క్రామ్‌జెట్ ఐదు సెకండ్లు మండినది. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరమునందలి ద్వీపము నుండి జరిగిన రక్షణశాఖ పరీక్షలో, ధ్వనికి ఆరు రెట్ల వేగమున, ఇరువది సెకండ్లకు పైగా పనిచేసినది. ఆ యంత్రమును రూపొందించుటలో ముఖ్యపాత్ర వహించినది మన నగరమునందలి కంచన్‌బాగ్‌లో ఉన్న క్షిపణి ప్రయోగశాల. ఆ ఏడు డిసెంబరులోనే ధ్వనికి ఐదు మొదలు పన్నెండు రెట్ల వరకు గాలిని ప్రవహింపజేయు వాయుసొరంగము హైదరాబాదున ప్రారంభమైనది. 2025 జనవరిలో నేలమీద జరిపిన పరీక్షలో 120 సెకండ్లు, ఏప్రిల్ 25న వేయి సెకండ్లకు పైగా మంట నిలిచినది. ఇంధనమునే ముందుగా యంత్రపు గోడలలో ప్రవహింపజేసి, వానిని చల్లార్చి, పిదప మండించుట ఇందలి ఉపాయము. ఇవి ప్రధానముగా క్షిపణులకై జరిగిన కృషి. నిఘా విమానమునకును కావలసిన గుండెకాయ మాత్రము ఇదియే.

గుండెకాయ దొరికినను కన్ను మాట మిగిలియే యున్నది. వేసవి మధ్యాహ్నము వరంగల్లు రోడ్డుపై దూరపు వస్తువులు అలలవలె కదలుట చూచియే యుందురు. హైపర్‌సోనిక్ యంత్రము చుట్టును క్రాగిన గాలి పొర యుండును. కెమెరా ఆ పొరగుండనే చూడవలెను. మలుపు తిరుగుటకే వంద కిలోమీటర్లను మించిన వ్యాసార్ధము కావలసి వచ్చును. ఆలోచించి మరల చూచుటకు తావుండదు.

అయినను ఈ వేగమును కోరుటకు కారణము కలదు. ఉపగ్రహము దారి ముందుగా లెక్కకు అందును. అది వచ్చు వేళకు దాచవలసిన దానిని దాచవచ్చును. విమానము ఎప్పుడు వచ్చునో చెప్పలేము. కాని ఒక చిక్కు. అంతటి వేగమున వచ్చునది చూచిపోవుటకు వచ్చినదో, కొట్టిపోవుటకు వచ్చినదో నేలమీది వారు తెలిసికొనుటకు వ్యవధి యుండదు. వేగులవానిని బాణమని భ్రమించిన రాజు, విచారింపకయే బాణము వేయవచ్చును. వేగము పెరిగినకొలది పాలకుల వివేకమునకు మిగులు కాలము తరుగును. శాస్త్రజ్ఞుల విజయమును మెచ్చుకొనునపుడు ఈ మాటను మరువరాదని మా అభిప్రాయము. దేశముల నడుమ ముందస్తు ఎరుకపాట్లు, సంభాషణ మార్గములు యంత్రములతోపాటు పెంపొందవలెను.

చూపునకు వేరొక ప్రయోజనమును కలదు. ఉప్పలు రోడ్డుపై, 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యున్నది. 2021 నుండి ఆ సంస్థవారు వాయవ్య భారతపు ఎండు నేలలపై హెలికాప్టరులో నెమ్మదిగా, తక్కువ ఎత్తున తిరుగుచు, భూమి అడుగున నీటి జాడలను వెదకిరి. ఒకే నగరమునుండి రెండు చూపులు బయలుదేరినవి. ఒకటి శత్రువును కనిపెట్టుటకు పరుగిడునది. మరియొకటి నీటిని కనిపెట్టుటకు నిదానించునది. దేశమునకు రెండును కావలెను. మొదటిదానికి అయ్యెడి ఖర్చును, దానికి దొరకెడి కీర్తిని లెక్కించునపుడు, రెండవదానిని కూడ అదే త్రాసులో ఉంచి తూచుట మన విధి.