డబుల్ యాక్షన్‌లో ఆ రెండో మనిషి ఎవరు?

ఇవాళ టాపిక్ డబుల్ యాక్షన్. కానీ హీరో గురించి కాదు, హీరో ఎదురుగా నిలబడిన మనిషి గురించి.

1964లో 'రాముడు భీముడు' వచ్చింది. రామానాయుడు గారి సురేష్ ప్రొడక్షన్స్‌లో మొదటి సినిమా, డైరెక్టర్ తాపీ చాణక్య. రాముడు భయస్తుడు, భీముడు తిరగబడే రకం, ఇద్దరూ ఎన్టీఆర్ గారే. ఇదే కథని తర్వాత తమిళంలో ఎమ్జీఆర్‌తో, హిందీలో దిలీప్ కుమార్‌తో తీశారు.

సరే, కంప్యూటర్ లేని రోజుల్లో ఇద్దరు ఎన్టీఆర్‌లని ఒకే ఫ్రేమ్‌లో ఎలా చూపించారు?

కెమెరాని కదలకుండా బిగించేస్తారు. లెన్స్‌లో సగానికి నల్లటి అట్టలాంటి మాస్క్ పెడతారు. హీరో ఎడమవైపు నిలబడి రాముడిగా చేస్తాడు. తర్వాత అదే ఫిల్మ్‌ని వెనక్కి తిప్పుతారు. మాస్క్ రెండో వైపుకి మారుస్తారు. హీరో డ్రెస్, మేకప్ మార్చుకొచ్చి కుడివైపు భీముడిగా చేస్తాడు. మధ్యలో కెమెరా కొంచెం కదిలినా, లైటింగ్ మారినా స్క్రీన్ మీద గీత కనిపించేస్తుంది. అన్‌డూ బటన్ లేదు బాస్! అందుకే ఈ సినిమా కెమెరామన్ రవికాంత్ నగాయిచ్ గారిని ట్రిక్ ఫోటోగ్రఫీలో దిట్ట అనేవాళ్లు.

అయితే మొత్తం సినిమా అలా తీయలేరు. ఒకరి భుజం మీదుగా ఇంకొకరి మొహం చూపించే షాట్లు ఉంటాయి కదా, అక్కడ డూప్ కావాలి. అదే ఎత్తు, అదే ఒడ్డు, అదే నిలబడే తీరు. కెమెరాకి వీపు చూపించాలి, మొహం మాత్రం కనపడకూడదు. హీరో డైలాగ్ చెప్పేటప్పుడు చూసేది ఆ డూప్ కళ్లలోకే. అవతల మనిషి లేకపోతే యాక్టింగ్ ఎవరితో చేస్తాడు చెప్పండి?

'రాముడు భీముడు'తో సహా ఎన్టీఆర్ గారి డబుల్ యాక్షన్ సినిమాల్లో అలా డూప్‌గా నిలబడింది ఎవరో తెలుసా? కైకాల సత్యనారాయణ గారు! 'యమగోల'లో మనల్ని నవ్వించిన యమధర్మరాజు. 1959లోనే 'సిపాయి కూతురు'లో హీరోగా చేశారు. ఆ తర్వాత కూడా డూప్‌గా నిలబడ్డారు. హీరోగా చేసిన మనిషి మొహం దాచుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరిన కొత్తలో నేను ఒక ప్రాజెక్ట్‌లో షాడో రిసోర్స్‌ని. కోడ్ నాది, క్లయింట్ కాల్‌లో మాట్లాడేది సీనియర్. ఎనిమిది నెలలు చేశా. రిలీజ్ అయ్యాక వచ్చిన థాంక్యూ మెయిల్‌లో తొమ్మిది పేర్లున్నాయి, నాది లేదు. ఎక్కడో మిస్సయి ఉంటుందిలే అని ఆ మెయిల్ మూడుసార్లు పైకీ కిందకీ స్క్రోల్ చేశా. అందుకే సత్యనారాయణ గారి విషయం తెలిసినప్పుడు నాకు గట్టిగా తగిలింది.

ఇప్పుడు 1977 జనవరి 14కి రండి, సంక్రాంతి. 'దాన వీర శూర కర్ణ' రిలీజ్. ఎన్టీఆర్ గారు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, పైగా నిర్మాత, దర్శకుడు కూడా. అందులో భీముడెవరు? సత్యనారాయణ గారు. ఒకప్పుడు వీపు మాత్రమే చూపించిన మనిషి, ఇప్పుడు అదే ఎన్టీఆర్‌కి శత్రువుగా మొహం చూపించి నిలబడ్డారు.

ఇంకో ట్విస్ట్. అదే రోజు పోటీగా 'కురుక్షేత్రం' వచ్చింది. అందులో దుర్యోధనుడు ఎవరనుకుంటున్నారు? మళ్లీ సత్యనారాయణ గారే. ఒక హాల్లో ఎన్టీఆర్ దుర్యోధనుడు, ఇంకో హాల్లో ఆయన పాత డూప్ దుర్యోధనుడు!

కానీ ఈ కథ విని 'కష్టపడితే అందరికీ టైమ్ వస్తుంది' అని నేను చెప్పను. సత్యనారాయణ గారి పేరు మనకి తెలిసిందంటే ఆయన తర్వాత పెద్ద నటుడయ్యారు కాబట్టి. మిగతా డూప్‌ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఇవాళ డూప్ మొహం మీద హీరో మొహాన్ని కంప్యూటర్‌లో అతికిస్తున్నారు. అంటే ఇప్పుడు వీపుతో పాటు మొహం పెట్టి నటించినా, ఆ మొహం కూడా మిగలట్లేదు. టైటిల్స్‌లో ఒక్క లైన్ వేస్తే ఖర్చేముంది?

ఈసారి ఏ డబుల్ యాక్షన్ సినిమా చూసినా ఒక్క పని చేయండి. హీరో మాట్లాడుతున్నప్పుడు, ఫ్రేమ్ అంచులో ఆ భుజాన్ని కూడా చూడండి. అక్కడ ఒక మనిషి ఉన్నాడు.

మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.