వేడెక్కుచున్న లోకము – వీడరాని ఆశ

ఒక వేసవిలో మా కేంద్రమునకు ఒక శ్రోత ఉత్తరము వ్రాసినారు. "లోకమంతయు వేడెక్కుచుండగా, నేను నా పెరటిలో రెండు వేపమొక్కలు నాటినంతమాత్రమున ఒరుగునదేమి?" అని వారి ప్రశ్న. ఇది సోమరితనముతో అడిగినది కాదు, దిగులుతో అడిగినది. కనుక సూటిగనే సమాధానము చెప్పవలసియున్నది.

మొదట చేదునిజము. యంత్రయుగమునకు పూర్వము గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్లు దాటినది. బొగ్గును, చమురును కాల్చుటయే ఇందుకు ముఖ్యకారణము. 2024వ సంవత్సరపు సగటు వేడిమి ఆ పూర్వకాలపు సగటును ఒకటిన్నర డిగ్రీ మించినది.

ఐనను, ఇంటిలో బిడ్డకు జ్వరము నూటరెండు డిగ్రీలు వచ్చినదని మందు మానుదుమా? అది నూటనాలుగు కాకుండ చూచుకొందుము. భూమి విషయమును అంతియే. ఆపగలిగిన ప్రతి పాతిక డిగ్రీయు కొన్ని పంటలను, కొన్ని ప్రాణములను కాపాడును.

మానవ ప్రయత్నము ఫలించునా యందురేమో. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు పదివేలమంది మరణించిరి. ఆ కథ నేను చిన్ననాట పెద్దల నోట వింటిని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖను తాకినది. ఆ దినములలో హెచ్చరికలు చదివినవారిలో నేనొకడను. ఈ మాట విని ఎవరైనను కదలుదురా అని చదువుచునే సందేహించితిని. కదలిరి. లక్షకు పైగా జనులు ముందుగనే సురక్షిత స్థలములకు చేరిరి. మరణములు పదులలో నిలిచినవి. దివిసీమ నాటి ఉప్పెన విశాఖకు రాలేదన్నది నిజమే. కాని ఉపగ్రహములు, రాడార్లు, తుఫాను రక్షణ గృహములు, పొరుగింటి తలుపు తట్టిన చేతులు లేకున్న ఆ లెక్క అంత తక్కువగ నుండెడిది కాదు.

దేశములు కలసి పనిచేయవనుటయు సరికాదు. ఓజోను పొరను హరించు రసాయనములను మానుటకు 1987లో మాంట్రియల్‌లో ఒడంబడిక జరిగినది. నేడు ఆ పొర క్రమముగ కోలుకొనుచున్నది. సౌరవిద్యుత్తు ఉత్పత్తి వ్యయము 2010 నుండి 2020 నాటికి 80 శాతమునకు పైగా తగ్గినది.

ఇక వేపమొక్కల మాట. అవి లోకమును చల్లార్చలేవు. కాని మీ గొడ్డుకు, మీ బిడ్డకు, దారిన పోవు కూలికి నీడనిచ్చును. అంతటితో ఆగక, ఊరి చెరువు పూడిక తీయించుమని పంచాయతీలో అడుగుడు. తీరవాసులైనచో మడ అడవులను నరకనీయకుడు. అవి అలల ఉధృతిని తగ్గించును. ఎండ హెచ్చరిక విన్ననాడు ఒంటరిగ నున్న వృద్ధులను పలుకరించి రండు. ఇవి ఒక్కరు చేయగల పనులు. పదుగురు చేరిన ప్రభుత్వములు వినక తప్పదు.

ఉత్తరము వ్రాసిన మిత్రులకు నా మనవి ఒక్కటే. తొలకరి పడగనే మొక్కలు నాటుడు. అవి చిగిర్చినపుడు ఇంకొక ఉత్తరము వ్రాయుడు.