కార్డు జేబులోనే ఉండగా

(రెడ్‌మండ్‌లో తెలుగు తరగతి పిల్లల ఎదుట చేసిన ప్రసంగం)



మీ పంతులమ్మగారు నన్ను పిలిచి, "మీరు ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేశారు గదా, మా పిల్లలకు డబ్బు విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. మొదట పొదుపు గురించి చెబుదామనుకున్నాను. కాని అది మీరు ఇంట్లో రోజూ వినే పాటే. అందుచేత, ఒక చలికాలంలో ఇదే ఊళ్ళో నా డబ్బు ఎట్లా పోయిందో చెబుతాను. మీలో పెద్ద తరగతుల వాళ్ళకు ఇప్పటికే సొంత బ్యాంకు కార్డులు ఉన్నాయని విన్నాను. కాబట్టి మీరూ వినవలసిన సంగతే.

ముందు పాత కాలం మాట ఒకటి. నేను గుంటూరు జిల్లాలో ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరిన రోజులలో, ఖాతాలో నుంచి డబ్బు తీసుకోవడమంటే పెద్ద తతంగం. ఖాతాదారు ఫారం నింపి సంతకం చేసి ఇస్తే, నేను ఒక ఇత్తడి టోకెన్ చేతికిచ్చేవాణ్ణి. ఫారం లోపలికి వెళ్ళేది. అక్కడ ఒక అధికారి, మా దగ్గరున్న నమూనా సంతకం తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసేవారు. తేడా కనిపిస్తే మనిషిని పిలిచి మళ్ళీ సంతకం చేయించేవారు. అదంతా అయిన తరువాతనే క్యాషియరు టోకెన్ నంబరు కేకవేసేవాడు. ఒక్కొక్కప్పుడు అరగంట పట్టేది. జనం విసుక్కునేవారు. అయితే అందులో ఒక మేలు ఉండేది. మనిషిని మేము ఎరుగుదుము. పొగాకు రైతు ఒకాయన పాసుపుస్తకం పట్టుకుని ఆయన మేనల్లుడు వస్తే, "మీ మామయ్య ఏడీ? ఒంట్లో బాగాలేదా?" అని అడిగి మరీ పంపేవాళ్ళం.

యంత్రం అట్లా అడగదు. దానికి ముఖాలు తెలియవు.

నగదు ఇచ్చే యంత్రాలలో మొదటిదని సాధారణంగా చెప్పుకునేది 1967 జూన్ 27న లండను నగరంలో ఎన్‌ఫీల్డ్ అనే చోట, బార్‌క్లేస్ బ్యాంకు గోడలో అమరింది. దానిని రూపొందించిన జాన్ షెపర్డ్ బారన్ మన షిల్లాంగులో పుట్టినవాడు. రహస్య సంఖ్యకు ఆరంకెలు పెడదామని ఆయన అనుకున్నాడట. తనకు నాలుగంకెలకు మించి గుర్తుండవని భార్య అన్నదట. అందుకే నాలుగంకెలతో సరిపెట్టానని ఆయనే చెప్పేవాడు. మన దేశంలోకి ఈ యంత్రం 1987లో బొంబాయిలో అడుగుపెట్టింది.

యంత్రానికి కావలసినవి రెండే. కార్డు, రహస్య సంఖ్య. ఆ రెండూ సరిపోతే ఎదుట నిలబడ్డది మీరో, దొంగో దానికి పట్టదు.

కార్డు వెనుక నల్లని గీత ఉంటుంది, చూశారా? అది పాటల క్యాసెట్టులోని టేపు వంటిది. మీరు క్యాసెట్టు చూసి ఉండకపోతే మీ అమ్మానాన్నలను అడగండి, సంతోషంగా చెబుతారు. ఆ గీతకు అయస్కాంత గుణం ఉంటుంది. మీ ఖాతాకు సంబంధించిన అంకెలు అందులో ఉంటాయి. ఒక టేపు మీది పాటను ఇంకొక టేపు మీదికి ఎక్కించుకున్నట్టే, ఈ గీతలోని అంకెలను వేరొక కార్డు మీది గీతలోకి ఎక్కించవచ్చు. అసలు కార్డుకు ఏమీ కాదు. అది మీ జేబులో భద్రంగానే ఉంటుంది. దాని తోబుట్టువు ఇంకెక్కడో పుడుతుంది, అంతే.

ఈ దొంగతనాన్ని స్కిమ్మింగ్ అంటారు. పాల మీది మీగడ తీయడానికి కూడా ఇంగ్లీషులో ఆ మాటే వాడతారు. మాట బాగానే కుదిరింది. గిన్నె అక్కడే ఉంటుంది, పాలూ అక్కడే ఉంటాయి. మూత తీసి చూసేదాకా మీగడ పోయినట్టు తెలియదు.

దొంగలు ఏం చేస్తారంటే, యంత్రంలో కార్డు పెట్టే నోటికి సరిగ్గా అదే రంగు, అదే ఆకారం గల తొడుగు ఒకటి తగిలిస్తారు. కార్డు దాని గుండా లోపలికి పోతున్నప్పుడు ఆ తొడుగు గీతను చదివేస్తుంది. కొన్నయితే పలచని రేకులాగా నోటి లోపలే దాగి ఉంటాయి, పైకి కనబడవు. ఇక రహస్య సంఖ్య కావాలి గదా. దానికోసం గింజంత కెమెరా ఒకటి పైనో పక్కనో దాస్తారు. 2016లో తిరువనంతపురంలో ఒక ఏటీఎం గదిలో, పొగను పసిగట్టే పెట్టె వంటిది ఒకటి పైన బిగించి, దానిలో కెమెరా పెట్టారు. అందరూ అది నిప్పు నుంచి కాపాడే సాధనమే అనుకున్నారు. డబ్బు మాత్రం దూరాన ముంబయిలో తీశారు. రుమేనియా దేశస్థుడొకడు అక్కడే పోలీసులకు చిక్కాడు.

ఇక నా సంగతి. మన రెడ్‌మండ్‌లో డిసెంబరు సాయంత్రాలు మీకు తెలియనివి కావు. నాలుగున్నరకే చీకటి, పైన సన్నని వాన. మనవరాలి పుట్టినరోజుకు చేతిలో పెట్టడానికి నాకు అరవై డాలర్లు కావలసి వచ్చింది. బ్యాంకుదాకా నడవడానికి బద్ధకించి, దారిలో ఒక గ్యాస్ స్టేషను దుకాణంలో ఉన్న యంత్రం దగ్గర ఆగాను. ఒక చేతిలో గొడుగు. ఇంకొక చేతితో అంకెలు నొక్కాను. కార్డు పెట్టేటప్పుడు ఆ నోరు కొంచెం వదులుగా కదిలింది. పాత యంత్రం గదా అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు ప్రతి సంతకాన్నీ అనుమానంగా చూసినవాణ్ణి, ఆ ఒక్క కదలికను మాత్రం అనుమానించలేదు.

తొమ్మిది రోజులు ఏమీ జరగలేదు. తరువాత ఒక శనివారం పొద్దున ఫోను చూసుకుంటే బ్యాంకు నుంచి రెండు సందేశాలు. శుక్రవారం రాత్రి 11 గంటల 52 నిమిషాలకు నాలుగు వందల డాలర్లు తీశారు. 12 దాటి ఆరు నిమిషాలకు మరో నాలుగు వందలు తీశారు. ఈ వేళల్లో ఒక కిటుకు ఉంది. రోజుకు ఇంత సొమ్మే తీయవచ్చునని బ్యాంకులు హద్దు పెడతాయి. అర్ధరాత్రి దాటితే కొత్త రోజు, కొత్త హద్దు. దొంగలు దానికి అటొకసారి, ఇటొకసారి తీస్తారు.

జేబు తడుముకున్నాను. కార్డు ఉంది. నేనే ఏదో పొరబడ్డానేమో అనిపించింది. తరువాత సిగ్గు వేసింది. బ్యాంకులో తలపండినవాడు మోసపోయాడంటే అల్లుడు ఏమనుకుంటాడు? ఆ శనివారమంతా నోరు విప్పలేదు. అర్ధరాత్రి దాటగానే మూడో సందేశం వచ్చింది. ఇంకో నాలుగు వందలు.

ఆ మూడో నాలుగు వందలు దొంగ తెలివి వల్ల పోలేదు, పిల్లలూ. నా మౌనం వల్ల పోయాయి.

ఆదివారం కాఫీ ముట్టకుండా కూర్చుంటే మనవరాలు కనిపెట్టింది. "తాతయ్యా, ఫోను ఎందుకు దాస్తున్నావు?" అని అడిగింది. చెప్పేశాను. మా అమ్మాయి వెంటనే కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోను చేసింది. "కార్డు ఎవరి దగ్గర ఉంది?" అని వాళ్ళు అడిగారు. "మా నాన్నగారి జేబులోనే" అన్నది. అవతలి మనిషి ఏమీ ఆశ్చర్యపోలేదు. ఇటువంటివి ఆమె రోజూ వింటున్నదన్నమాట. ఈ మీగడ దొంగతనాల వల్ల అమెరికాలో ఏటా నూరు కోట్ల డాలర్లకు పైగా నష్టమని ఎఫ్.బి.ఐ. అంచనా. కంప్యూటర్లకు పేరుపడ్డ మన ఊరికి కూడా దీని నుంచి మినహాయింపు లేదు. మా అల్లుడు నవ్వలేదు సరిగదా, తనకూ ఒకసారి ఇట్లాగే జరిగిందనీ, మాతో చెప్పలేదనీ బయటపెట్టాడు!

నా డబ్బు తిరిగి వచ్చింది. ఈ దేశంలో 1978లో చేసిన చట్టం ఒకటి ఉంది. కార్డు పోగొట్టుకున్న సంగతి తెలిసిన రెండు పనిదినాలలో చెబితే మీకు యాభై డాలర్లకు మించి నష్టం రాదు. ఆలస్యం చేస్తే అది అయిదు వందల దాకా పెరగవచ్చు. నాకు జరిగినట్టు కార్డు మన దగ్గరే ఉండి డబ్బు పోతే, బ్యాంకు లెక్కల పత్రం పంపిన అరవై రోజులలోగా చెప్పాలి. ఆ గడువు దాటిన తరువాత పోయే సొమ్ముకు బ్యాంకు పూచీ ఉండదు. మన దేశంలో కూడా రిజర్వు బ్యాంకు 2017లో ఇటువంటి నియమమే పెట్టింది. బయటివాడి మోసమైతే, మూడు పనిదినాలలో చెప్పినవారికి నష్టం లేదన్నది. అయితే రహస్య సంఖ్య మనమే ఎవరికైనా చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బు మన నెత్తినే పడుతుంది.

ఈ చట్టం కాపాడనివారు కూడా ఉన్నారు. ప్రభుత్వం పేద కుటుంబాలకు తిండి ఖర్చులకోసం ఒక కార్డు ఇస్తుంది. చాలా కాలం ఆ కార్డులకు చిప్పు లేదు, గీత ఒక్కటే. దొంగలు దానినీ వదలలేదు. నెల మొదట్లో సొమ్ము పడిన గంటలోనే ఊడ్చుకుపోయిన సందర్భాలున్నాయి. అట్లా పోయిన సొమ్ము తిరిగి ఇవ్వడానికి 2022 చివర ఒక శాసనం చేశారు గాని, 2024 డిసెంబరు 20 తరువాత జరిగిన దొంగతనాలకు అది వర్తించలేదు. నాకు పోయింది పుట్టినరోజు కానుక, అదీ వెనక్కి వచ్చింది. వాళ్ళకు పోయింది పిల్లల నెల తిండి.

చిప్పు గురించి అడుగుతారేమో. కార్డు ముందు బంగారు రంగులో చిన్న చదరం ఉంటుంది. అది ప్రతిసారీ ఒక కొత్త సంకేతం తయారుచేసి ఇస్తుంది. మా ఇత్తడి టోకెన్ జ్ఞాపకం ఉందా? నిన్నటి నంబరు చెప్పి ఈ రోజు డబ్బు అడిగితే క్యాషియరు ఇస్తాడా? అట్లాగే చిప్పు ఇచ్చిన సంకేతాన్ని దొంగ పట్టుకున్నా మళ్ళీ పనికిరాదు. చిక్కల్లా, చిప్పు ఉన్న కార్డు వెనుక కూడా పాత గీత ఇంకా ఉండటమే. 2029 నుంచి కొత్త కార్డులపై గీత వేయబోమని మాస్టర్‌కార్డు సంస్థ 2021లో ప్రకటించింది. అది పూర్తిగా పోయేసరికి 2033 అవుతుందట. అందాకా గీత మనతోనే ఉంటుంది.

ఇప్పుడు నేను యంత్రం దగ్గరకు వెళితే మొదట ఆ నోటిని పట్టుకుని కాస్త గట్టిగా లాగుతాను. అసలుది కదలదు, తొడుగు అయితే ఊడి వస్తుంది. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనీ. కార్డు ఆనిస్తే చాలుననే గుర్తు ఉంటే లోపల పెట్టను, ఆనిస్తాను. వీలైనంతవరకు బ్యాంకు లోపలి యంత్రం దగ్గరకే వెళతాను. అంకెలు నొక్కేటప్పుడు ఎడమచేయి ఇదిగో, ఇట్లా గొడుగులాగా పెడతాను. వెనుక ఎవరూ లేకపోయినా పెడతాను, చూసే కన్ను వెనుకే ఉండాలని లేదు. అంకెల పలక మీద కూడా దొంగ పలక అతికిస్తే ఈ చేయి ఏమీ చేయలేదు, నిజమే. అందుకని ఒక్క డాలరు కదిలినా సందేశం వచ్చేటట్టు ఏర్పాటు చేసుకున్నాను. ఆ సందేశం రాగానే ఇంట్లో అందరికీ గట్టిగా చదివి వినిపిస్తాను. మావాళ్ళకు కొంచెం విసుగే.

పంతులమ్మగారు గడియారం చూస్తున్నారు. ఆ చివర కూర్చున్న బాబు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నాడు. లే నాయనా, అడుగు.