భుజానికి తేలికైన కెమేరా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గుమాస్తాగా ఫైళ్ళు మోసి, రిటైరయ్యాక కెమేరా పట్టినవాణ్ణి. కంబదూరు మల్లికార్జునస్వామి గుడి, హేమావతిలోని నొళంబుల శిల్పాలు, లేపాక్షి పైకప్పు చిత్రాలు ఫొటోలు తీస్తూ వచ్చాను. డెబ్భై దాటాక మెడ, భుజం మొరాయించాయి. అభిరుచి మానుకోవడమా, కెమేరా మార్చడమా? ఈ ప్రశ్న మనలో ఇంకొందరికీ ఉంది కనుక నాలుగు మాటలు చెబుతాను.

డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో లెన్సు వెనుక అద్దం ఉంటుంది. అది వెలుతురును పైకి మళ్ళించి మన కంటికి చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం లేచి, వెలుతురు సెన్సారు మీద పడుతుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమే లేదు. సెన్సారు చూసింది చిన్న తెరమీద మనకు కనిపిస్తుంది. నికాన్ పాత ఎఫ్ మౌంటుకూ సెన్సారుకూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, 2018లో వచ్చిన జెడ్ మౌంటులో 16 మాత్రమే. పెట్టె పలచబడింది అందుకే.

ఇక బరువు లెక్క. 2017 నాటి డి7500 సుమారు 720 గ్రాములు, 18-140 లెన్సు 490, మొత్తం 1,210. 2019 నాటి జెడ్50 సుమారు 450, 16-50 లెన్సు 135, మొత్తం 585. సగం కూడా లేదు. రెండింటి సెన్సార్లూ 20.9 మెగాపిక్సెళ్ళవే. కాకపోతే చిన్న లెన్సు దూరపు గోపురాన్ని అంత దగ్గరకు లాగదు.

మన కళ్ళకు ఇంకో మేలుంది. ఫొటో ఎంత వెలుగుతో వస్తుందో తీయకముందే కనబడుతుంది. చీకటి మండపంలో దృశ్యాన్ని పెద్దది చేసి చూసుకోవచ్చు. పూజవేళ చప్పుడు లేకుండా తీయవచ్చు.

ఇబ్బందులూ లేకపోలేదు. డి7500 ఒక్క చార్జితో 950 ఫొటోలిస్తే, జెడ్50 ఇచ్చేది సుమారు 300. రెండో బ్యాటరీ జేబులో ఉండాలి. లెన్సు మారిస్తే సెన్సారు బయటపడుతుంది. మన ఆషాఢపు గాలిలో ఆ పని చేయకండి; ఇంట్లోనే మార్చుకోండి. పాత లెన్సులకు అడాప్టరుంది గాని, మోటారు లేని వాటికి ఫోకసు చేత్తో తిప్పుకోవలసిందే.

ఉన్న కెమేరా బాగుంటే పెన్షను డబ్బు తొందరపడి ఖర్చు చేయకండి. 200 గ్రాముల 35 మి.మీ. లెన్సు వేస్తే డి7500 కూడా 920కి దిగుతుంది. అదీ భారమైతేనే దుకాణానికి వెళ్ళండి. లెన్సుతో సహా పది నిమిషాలు మెడలో వేసుకుని చూశాకే బేరమాడండి.

పిల్లలకు ఒక మనవి: “ఈ వయసులో ఎందుకు?” అనకండి. బరువు తగ్గితే మేము ఇంకొన్నేళ్ళు గుడులూ కొండలూ తిరుగుతాం.

టీ విరామంలో నా కెమేరా బల్లమీద ఉంటుంది. ఎవరైనా పట్టుకుని చూడవచ్చు. సెలవు.